మూడు అయిదు ఒకటితో మొదలయ్యే నంబరు

"హీటర్ మాత్రం వెలిగించకు" అని టైప్ చేసి, పంపే గుర్తు మీద స్టెఫా వేలు పెట్టబోయింది. అంతలో వెనకనుంచి ఎవరో భుజానికి భుజం రాసుకుంటూ వెళ్ళారు. ఫోన్ చేతిలోంచి జారి, వంతెన కటకటాల సందులోంచి కిందికి పోయింది. వంతెన ఎంత ఎత్తంటే, అది నదిలో పడ్డ చప్పుడు కూడా పైకి వినపడలేదు.

వాల్టర్ కటకటాల మీంచి వంగి చూశాడు. "పోయింది. పోతే పోనీలే, నువ్వు పడలేదు, అది చాలు" అని నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు.

"టైమెంత?" అంది స్టెఫా.

"రెండూ ఇరవై."

"అంటే విన్నిపెగ్‌లో పొద్దున్న ఎనిమిదీ ఇరవై. ఒరిసియా తొమ్మిదికి బయల్దేరుతుంది."

"ఎక్కడికి?"

"మన క్యాబిన్‌కి. కూతుర్ని, కలీనాని తీసుకుని. ఇప్పుడే మెసేజ్ పెట్టింది. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు కదా, రెండు రోజులు సరస్సు దగ్గర ఉండొస్తాం, తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు, నీళ్ళు కట్టేసి ఉంటే బకెట్‌తో తెచ్చుకుంటాం, వెళ్ళగానే హీటర్ వెలిగించుకుంటే చాలు అని. నేను జవాబు రాస్తున్నాను. పంపలేదు."

వాల్టర్ మొహంలో రంగు పోయింది. ఏటా చలికాలానికి క్యాబిన్ మూసేటప్పుడు గోడ బయటికొచ్చే గ్యాస్ హీటర్ పొగగొట్టంలో పాత తువ్వాలు కుక్కి, పైన రేకు బిగించేది అతనే. లేకపోతే ఎలుకలు దూరి గూళ్ళు కట్టేస్తాయి. అందరూ ఆ పని థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లోనే చేస్తారు. ఈ ఏడు పోర్చుగల్ ప్రయాణం ఉందని వీళ్ళు పదిహేను రోజులు ముందే మూసేశారు. ఎప్పుడూ హీటర్ మీటకి 'గొట్టం మూసి ఉంది' అని రాసిన అట్టముక్క వేలాడదీసేవారు. ఈసారి చీకటిపడుతోందని హడావుడిలో అది కూడా మర్చిపోయారు. విషగాలి పుడితే కూత పెట్టే అలారం ఒకటి గోడకుంది. చలికి బ్యాటరీలు కారిపోతాయని అందులోంచి వాటిని స్టెఫా తన చేత్తోనే తీసి సొరుగులో పడేసింది.

"ఆ గాలికి వాసన కూడా ఉండదు" అన్నాడు వాల్టర్, తనలో తాను అనుకుంటున్నట్టు.

"నాకు తెలుసు. నడువు."

వంతెన దిగి, రైల్వే స్టేషను పక్క సందులో ఫోన్ల కొట్టు వెతుక్కునేసరికి మూడవుతోంది. ఉన్నవాటిలో చవకది కొని, అక్కడి సిమ్ము వేయించారు. వాల్టర్ ఫోన్ కెనడాలో, విన్నిపెగ్ ఇంట్లో, వంటింటి సొరుగులో, స్విచ్ ఆపేసి ఉంది. పరాయి దేశంలో వాడకానికి రోజుకి పదహారు డాలర్లు పోసి ఇద్దరికీ రెండు ఫోన్లెందుకు, ఒకటి చాలన్నది స్టెఫానే. కొట్లోవాడు కార్డు గీకుతున్నంతసేపూ ఆ మాట వాల్టర్ అంటాడేమోనని ఆమె ఎదురు చూసింది. అతను అనలేదు.

ఒక్క అదృష్టం. చెల్లెలు ఒరిసియా నంబరు ఆమెకి నోటికొచ్చు. అమ్మ బతికున్నప్పటి ఇంటి నంబరు అది. అమ్మ పోయాక ఒరిసియా దాన్ని తన సెల్‌ఫోన్‌కి మార్పించుకుంది. మరే నంబరూ ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. కొత్త ఫోన్‌లో తన మెయిల్ తెరుద్దామంటే, మీ ఫోన్‌కి పంపిన అంకెలు కొట్టండి అంది. ఆ అంకెలు నది అడుక్కి పోయాయి.

కొట్టు బయట రాతిమెట్ల మీద కూచుని మొదటిసారి చేసింది. ఆరుసార్లు మోగింది. తర్వాత చెల్లెలి గొంతు: "నేను ఒరిసియాని. చెప్పాల్సింది చెప్పండి. ఏదైనా అమ్మేవాళ్ళయితే శ్రమపడకండి." ఆ వెంటనే సందేశాల పెట్టె నిండిపోయిందన్న మాట.

"ఆ పెట్టె ఖాళీ చెయ్యవే అని ఎన్నిసార్లు చెప్పాను దానికి!"

"మళ్ళీ చెయ్యి" అన్నాడు వాల్టర్.

రెండోసారి మూడుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఒక్కసారే మోగింది. ఎత్తకపోవడం వేరు, కట్ చెయ్యడం వేరు. కట్ చేస్తోంది.

"కారులో తెర మీద నంబరు చూస్తోంది" అన్నాడు వాల్టర్. "మూడు అయిదు ఒకటితో మొదలయ్యే నంబరు. ఎక్కడిదో ఏమిటో. నేనైనా ఎత్తను."

"ఎత్తదు. ఎత్తొద్దని చెప్పిందే నేను."

కిందటేడు చలికాలంలో ఎవడో పన్నుల ఆఫీసునుంచి అని ఒరిసియాకి ఫోన్ చేసి, భయపెట్టి, రెండు వేల డాలర్లు లాగేశాడు. అప్పుడు స్టెఫా చెల్లెలి ఇంటికి వెళ్ళి గంటసేపు తిట్టి, లావుపాటి అక్షరాలతో కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించి వచ్చింది. తెలియని నంబరు ఎత్తకు. 'నా ఫోన్ పోయింది, ఇది కొత్త నంబరు' అని మెసేజ్ వస్తే అది మోసం. జవాబివ్వకు. ఆ నంబరు ఆపేసెయ్. నలభై దాటినదాన్ని చిన్నపిల్లని తిట్టినట్టు తిడుతున్నావని ఒరిసియా మూతి ముడుచుకుందిగానీ, ఆ కాగితం మాత్రం తియ్యలేదు.

ఇప్పుడు స్టెఫా మెసేజ్ తెరిచింది. ముందు ఎవరో తెలిస్తే ఎత్తుతుంది, తర్వాత సంగతి నోటితోనే చెప్పొచ్చు అనుకుంది. గబగబా కొట్టింది: "ఒరిసియా, నేను స్టెఫాని. నా ఫోన్ పోయింది. ఇది కొత్త నంబరు. చాలా అర్జెంటు. వెంటనే ఫోన్ చెయ్యి." పంపేసింది.

వాల్టర్ భుజం మీంచి చదివాడు. "స్టెఫా, హీటర్ మాటేది?"

"అదే రాస్తున్నా."

"అదేగా ముందు రాయాల్సింది!"

"తెలుసు, ఊరుకో, రాయనీ."

రెండో మెసేజ్ సగంలో ఉండగా ఫోన్ బుర్రుమంది. చెల్లెలు ఎక్కడో పెట్రోలు కోసం ఆగినట్టుంది.

"మీలాంటి వాళ్ళ సంగతి మా అక్క ఎప్పుడో చెప్పింది. ఇంకెవర్నైనా చూసుకో, దొంగ సచ్చినోడా."

స్టెఫా హీటర్ మాటలన్నీ కొట్టి పంపింది. పంపినా ఆ పక్కన చేరినట్టు గుర్తు పడలేదు. ఫోన్ చేస్తే సగం మోత కూడా మోగకుండా నిండిపోయిన పెట్టె దగ్గరికి పోతోంది. చెప్పినట్టే ఆ నంబరు ఆపేసింది.

"మంచిపిల్ల. చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేసింది" అంది స్టెఫా. ఆ మాట అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పక్క కాఫీ కొట్లో వడ్డించే అమ్మాయిని బతిమాలి ఆమె ఫోన్‌తో చేశారు. అదీ పోర్చుగల్ నంబరే, మూడు అయిదు ఒకటే. రెండు మోతలకే కట్టయింది. ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని వీళ్ళ మొహాలు చూసి, అడగకుండానే రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చిపెట్టింది.

నాలుగున్నరైంది. అక్కడ పదిన్నర. వాల్టర్ కొత్త ఫోన్‌లో వెతికి, సరస్సుకి దగ్గరి పోలీస్ స్టేషను నంబరు పట్టాడు. స్టెఫా మాట్లాడింది. అటువైపు ఆవిడ ఓపికగా అంతా రాసుకుంది. "పంపిస్తానమ్మా, తప్పకుండా పంపిస్తాను. కానీ ఉన్న రెండు బళ్ళూ హైవే మీద ప్రమాదం దగ్గరున్నాయి. అక్కడికి చేరేసరికి గంట పైనే పడుతుంది. దగ్గర్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి కూడా చెప్పుకోండి."

"దగ్గర్లో ఎవరున్నారు?" అంది స్టెఫా ఫోన్ పెట్టేసి. "చుట్టుపక్కల క్యాబిన్‌వాళ్ళ నంబర్లన్నీ ఆ నదిలోనే ఉన్నాయి."

"విల్మా" అన్నాడు వాల్టర్. "కొట్టు నంబరు ఇంటర్నెట్‌లో ఉంటుంది. కొట్టువాళ్ళు ఏ నంబరైనా ఎత్తుతారు, ఎత్తాలి కదా."

హైవే దిగి సరస్సు దారి పట్టే మలుపులో ఉంటుంది విల్మా కొట్టు. పాలూ, చేపల ఎరలూ, పెట్రోలూ అన్నీ అక్కడే. ఫోన్ సిగ్నల్ కూడా అక్కడే ఆఖరు. దాని తర్వాత పాతిక నిమిషాలు కంకరరోడ్డు, ఆ పైన సరస్సే. కొట్టులో గోడకి తగిలించిన పాత ఫోన్ ఒకటుంది. ఎవరు చేస్తున్నారో చూపించే తెర కూడా దానికి లేదు.

రెండో మోతకే ఎత్తింది.

"చెప్పండి. వానపాములు అయిపోయాయి. అవి తప్ప ఏం కావాలన్నా ఉంది."

"విల్మా, నేను స్టెఫాని. నలభై ఒకటో నంబరు క్యాబిన్. వాల్టర్ పెళ్ళాన్ని."

"ఎవరూ?" గొంతులో అనుమానం దూరింది. "స్టెఫా పోర్చుగల్లో ఉంది."

"పోర్చుగల్ నుంచే. ఒరిసియా వచ్చిందా అక్కడికి?"

"వచ్చిందీ, పిల్లకి దాల్చినచెక్క రొట్టె కొనిపెట్టిందీ, వెళ్ళిందీ. పావుగంటైంది. వెళ్తూ వెళ్తూ చెప్పింది, ఎవడో దొంగవెధవ వాళ్ళక్క పేరు పెట్టుకుని పొద్దుణ్ణుంచీ చంపుకు తింటున్నాడని. ఇదిగో, నువ్వు వాడివి కాదు కదా?"

"వాడు కాదు విల్మా, అది నేనే!"

"ఆహా. ఈమధ్య మన గొంతులు కూడా తయారు చేసేస్తున్నారట, టీవీలో చెప్పాడు. ఆడగొంతూ చేస్తారట, ముసలిగొంతూ చేస్తారట."

స్టెఫా లేచి నిలబడింది. రోడ్డు మీద పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అరిచింది. "పోయినేడు కుళ్ళిపోయిన గుడ్లు డజను నాకు అంటగట్టి, తిరిగి తెచ్చి నీ బల్ల మీద పెడితే వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగావు చూడు, ఆ స్టెఫాని!"



"కుళ్ళినవి కాదు, కాస్త పాతవి" అంది విల్మా. "చెప్పు. ఏమైంది?"

"హీటర్ పొగగొట్టంలో గుడ్డ కుక్కి ఉంది. పైన రేకు కూడా బిగించాం. ఒరిసియాకి తెలియదు. వెళ్ళగానే వెలిగిస్తుంది. గాలి బయటికి పోదు, లోపలే తిరుగుతుంది. అలారంలో బ్యాటరీలు కూడా లేవు. నేనే తీసేశాను. పిల్ల ఉంది విల్మా, దానికి ఏడేళ్ళు. ఎవరినైనా పంపు, లేకపోతే నువ్వే..."

ఫోన్‌లో టిక్కుమంది. ఆ వెంటనే ఆడగొంతు ఒకటి, అర్థంకాని భాషలో, చాలా మర్యాదగా ఏదో చెప్పి ఆగిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు వాల్టర్.

గుమ్మంలోంచి చూస్తున్న కాఫీ కొట్టు అమ్మాయి వచ్చి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, వేళ్ళతో డబ్బు లెక్కపెడుతున్నట్టు చూపించి, తల అడ్డంగా ఊపింది. సిమ్ముతో ఇచ్చిన అయిదు యూరోలు అంత దూరం మాట్లాడేసరికి అయిపోయాయి. మీకు ఫోన్ వస్తే ఎత్తొచ్చు, మీరు చెయ్యాలంటే మళ్ళీ డబ్బు వేయించాలి. తన ఫోన్‌లో కూడా అంతే, విదేశాలకి ఇక పోదు. వాల్టర్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. సిమ్ము కొన్న కొట్టుకి శనివారమని తలుపు వేసేసి ఉంది. స్టేషను వైపు తిరిగి, జనంలో కలిసిపోయాడు.

స్టెఫా రాతిమెట్ల మీద ఒక్కతే మిగిలింది.

విల్మా ఎంతవరకు విన్నదో తెలియదు. గుడ్డ సంగతి విన్నట్టే. బ్యాటరీల సంగతీ విన్నట్టే. వింటే మాత్రం నమ్మిందా? మధ్యలో పెట్టేసింది చూశావా, దొంగే అనుకుని, రొట్టెల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయి ఉండొచ్చు. థ్యాంక్స్‌గివింగ్ శనివారం ఆ కొట్టుకి ఏడాది మొత్తంలో మంచి బేరం. విల్మా ఒంటరిది, కొట్టు చూసుకునే మనిషి ఇంకొకరు లేరు. అది వదిలేసి వెళ్తుందా?

అయిదైంది. అక్కడ పదకొండు. ఒరిసియా ఇప్పటికి క్యాబిన్ ముందు కారు ఆపి ఉంటుంది. ఎర్రపెంకు కింది తాళంచెవి తీసి ఉంటుంది. లోపల ఫ్రిజ్‌లో ఉన్నంత చలి ఉంటుంది ఈపాటికి. కలీనా ముక్కు తుడుచుకుంటూ చలేస్తోందమ్మా అంటుంది. మీట నొక్కిపట్టి, అగ్గిపుల్ల చూపించి, ఇరవై లెక్కపెట్టడం ఒరిసియాకి స్టెఫాయే నేర్పింది, దానికి పదమూడేళ్ళప్పుడు. నీలంగా మంట పడుతుంది. గది వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం ఎంత బాగుంటుందో స్టెఫాకి తెలుసు. అందరూ వెళ్ళి దాని ముందే కూచుంటారు.

అయిదూ పది. అయిదూ పన్నెండు.

ఒక ముసలాయన వచ్చి పక్కన కూచుని సిగరెట్టు ముట్టించాడు. ఆ పొగ చూసి ఆమె దూరంగా జరిగింది. ఫోన్‌లో సిగ్నల్ గీత ఒకటి తగ్గేసరికి మళ్ళీ వెనకటి చోటికే జరిగింది. ముసలాయన ఏమనుకున్నాడో, లేచి వెళ్ళిపోయాడు.

ఆమెకి వాల్టర్ మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. తువ్వాలు కుక్కింది అతనే. ఆ కోపం నిలవలేదు. బ్యాటరీలు తన చేతుల్లోంచి సొరుగులోకి దొర్లిన చప్పుడు చెవిలో ఉంది. అట్టముక్క ఏదని వాల్టర్ ఆ రోజు అడిగాడు కూడా. రేపటి విమానానికి బట్టలు సర్దాలి, నడువు నడువు అని తనే తొందర పెట్టింది.

అయిదూ నలభై. వాల్టర్ ఇంకా రాలేదు.

అయిదూ యాభై ఒకటికి ఫోన్ మోగింది. తెర మీద అమ్మ నంబరు.

"ఒరిసియా!"

అటునుంచి ఊపిరి మాత్రం వినపడింది. ఎగపోస్తున్న ఊపిరి.

"ఎవరు నువ్వు?" అంది ఒరిసియా గొంతు, వణుకుతూ. "నిజం చెప్పు, ఎవరు?"

"నీ మొహం! నేనే, స్టెఫాని! కలీనా ఏదే? దానికెలా ఉందో చెప్పు ముందు, నోరు విప్పవే!"

"అక్కా" అని ఒరిసియా భోరుమంది. "దొంగ ఎవడూ ఇంతలా తిట్టడు. నువ్వే."

"కలీనా?"

"ఉంది. ఇక్కడే ఉంది, విల్మా కొట్టు దగ్గర. అంబులెన్సు వచ్చింది. మొహానికి ప్రాణవాయువు పెట్టారు. రంగు వచ్చిందంటున్నారు, నర్సమ్మ రంగు వచ్చిందంటోంది. మాట్లాడుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం చూడాలట, రాత్రి అక్కడే ఉంచుతారట. నాక్కూడా తల పగిలిపోతోంది కానీ నాకేం ఫరవాలేదు."

స్టెఫా ఫోన్‌ని రెండు చేతులతోనూ పట్టుకుంది.

"తలనొప్పి అంది అక్కా. కారు ప్రయాణానికి తల తిప్పిందేమో అనుకున్నాను. హీటర్ పక్కనే పడుకోబెట్టాను. నేనే, నా చేతుల్తో దుప్పటి కప్పాను. సామాన్లు తెద్దామని నేను కారు దగ్గరికీ లోపలికీ తిరుగుతున్నాను. విల్మా ట్రక్కు వచ్చి ఆగింది. తలుపు కూడా కొట్టలేదు, నన్ను ఒక్క తోపు తోసి లోపలికి పోయి, మీట తిప్పేసి, పిల్లని దుప్పటితో సహా ఎత్తుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టింది. ఇంత మంచి బేరం పాడు చేశావే అని నన్ను తిడుతూనే ఉంది. తిడుతూనే ట్రక్కులో ఎక్కించుకొచ్చింది."

"ఆవిడ నమ్మిందన్నమాట."

"పూర్తిగా నమ్మలేదట. నువ్వు కాకపోతే ఓ గంట పోతుంది, నువ్వే అయితే పిల్ల పోతుంది అనుకుందిట." ఒరిసియా ముక్కు ఎగబీల్చింది. "మూడుసార్లు కట్ చేశాను అక్కా. బూతుమాట కూడా రాశాను."

"నేను నేర్పిందేగా."

"ఆ అలారం ఎందుకు మోగలేదు? గోడకి వేలాడుతూనే ఉంది. నాకు కనపడుతూనే ఉంది. అందుకే భయం లేదనుకున్నాను."

వాల్టర్ స్టేషను వైపునుంచి వస్తున్నాడు. చేతిలో ఏదో చీటీ ఉంది, రొప్పుతున్నాడు. స్టెఫా చెయ్యెత్తి ఆగమంది.

"బ్యాటరీలు నేను తీసేశాను" అంది. "ఏటా తీస్తాను. గొట్టం మూసి ఉందని అట్టముక్క కూడా తగిలించాలి. తగిలించలేదు. తొందరపడ్డాను."

అటువైపు ఎవరో మాట్లాడుతున్నారు, తలుపులు తీస్తున్నారు. స్టెఫా సంజాయిషీ ఏదీ చెప్పుకోలేదు.

"నీ మీద అరవాలని ఉంది" అంది ఒరిసియా. "ఇప్పుడు ఓపిక లేదు. ఆసుపత్రికి చేరాక అరుస్తాను."

"అరుచుకో. ఎంతసేపు అరిస్తే అంతసేపు వింటాను."

"బండి ఎక్కమంటున్నారు. ఫోన్ పెట్టేయకు."

"దారిలో సిగ్నల్ పోతుందిగా."

"హైవే మీద పోదు. పోతే పోనీ. నువ్వు మాత్రం పెట్టేయకు."

"పెట్టను."

తలుపులు మూసిన చప్పుడు వినపడింది. బండి కదిలింది. లోపల ఎవరో ఆడమనిషి నెమ్మదిగా అంకెలు చదువుతోంది, ఇంకెవరో రాసుకుంటున్నట్టుంది. స్టెఫా ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

వాల్టర్ ఒక మెట్టు కింద కూచుని ఆమె ఫోన్ వైపు మెడ సాచి, వినడానికి ప్రయత్నించాడు. "పిల్ల ఏడుస్తోందా?" అన్నాడు పెదవులు మాత్రం కదుపుతూ.

"లేదు. మొహానికి పెట్టిన ముసుగు ప్లాస్టిక్ కంపు కొడుతోందని నర్సుతో దెబ్బలాడుతోంది."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మెట్లెక్కి పైకి పోవాల్సిన వాళ్ళు వచ్చి నిలబడితే లేచి దారి ఇచ్చాడు. స్టెఫా మాత్రం కదల్లేదు. సిగ్నల్ ఆ మెట్టు మీదే బాగా అందుతోంది. వాళ్ళు ఆమె చుట్టూ తిరిగి పైకెళ్ళారు.